ఆ సున్న ఎవరిది?

చార్మినారుకు కూతవేటు దూరమున మొఘల్‌పురా కలదు. పాతబస్తీలోని ఇతర పేటలవలెనే ఇదియు ఇరుకు గల్లీల పేట. ఒక యింటి గుమ్మమున ఆడిన మాట ఎదురింటి వంటగదిలో వినవచ్చు పేట. సాయంకాలము బడి విడిచినంతనే ఇక్కడి పిల్లలు వీధిలోనికి వత్తురు. ఈనాడు వారి చేతులలో క్రికెట్టు బ్యాట్లే హెచ్చుగా కనిపించును. అయినను కాలిబంతి పూర్తిగా మాయము కాలేదు. అటు రెండు ఇటుకలు, ఇటు రెండు చెప్పులజతలు పెట్టినచో మైదానము సిద్ధమగును.

అసలు తగవు జట్లు పంచుకొనునప్పుడు పుట్టును. అందరును ముందు నిలిచి గోలు వేయువారే. వెనుక నిలుచుటకు ఒప్పుకొనువాడు ఒక్కడును ఉండడు. తుదకు అందరిలో చిన్నవాడో, మాట చెల్లనివాడో, పేటకు కొత్తగా వచ్చినవాడో వెనుకకు పంపబడును. వానికి బ్యాకు అని పేరు. ఆట ముగిసి ఇండ్లకు మరలునప్పుడు ఒకడు, “నేను రెండు వేసితిని” అని గొప్పగా చెప్పుకొనును. వెనుక నిలిచినవాడు ఏమి చెప్పుకొనవలెను? “నేనున్న వైపు ఏమియు జరుగలేదు” అనవలెనా? ఆ మాటను మెచ్చుకొను తల్లి యెవరు, తండ్రి యెవరు?

ఇది పిల్లల తగవే యని తీసివేయుటకు వీలులేదు. పెద్దల ఆటలోను, ఆ ఆటను గూర్చి వ్రాయబడిన చరిత్రలోను ఇదే తగవు వేరు రూపమున కనిపించును. హైదరాబాదు నగరము ఒకప్పుడు భారతదేశపు కాలిబంతికి పేరెన్నికగన్న బ్యాకులను ఇచ్చినది. వారి జీవితములను తరచి చూచినచో మొఘల్‌పురా గల్లీలోని ఆ చిన్నవాని ప్రశ్నకు కొంత సమాధానము దొరకును.

బ్యాకు పని

కాలిబంతి జట్టులో పదకొండుగురు ఆటగాండ్రుందురు. అందులో ఒకడు గోలుకీపరు. అతనికి ముందు నిలుచువారు బ్యాకులు. నేటి పత్రికలు వీరిని డిఫెండర్లనుచున్నవి. వీరి పని చెప్పుటకు సులభము, చేయుటకు కష్టము. ఎదుటి ఫార్వర్డు బంతితో వచ్చుచుండగా పరుగెత్తి మీద పడుట అనుభవము లేని బ్యాకు చేయు పని. అట్లు పడినవానిని ఒక్క మలుపుతో తప్పించుకొని ఫార్వర్డు వెడలిపోవును. పని తెలిసినవాడు రెండడుగుల దూరమున నిలిచి, మెల్లగా వెనుకకు జరుగుచు, ఎదుటివానిని గోలు త్రోవనుండి పక్కగీత వైపునకు మరలించును. బంతి ఫార్వర్డు పాదమునుండి జానెడు దూరము తొలగు క్షణము కొరకు కాచుకొని యుండి, ఆ క్షణమున మాత్రమే కాలు చాచును. ఇంకను ఆరితేరినవాడు కాలు చాచు అవసరమునే రానీయడు. బంతి ఎచ్చటికి రానున్నదో ముందుగా గ్రహించి అచ్చట నిలుచును. అది చూచి ప్రత్యర్థి ఆ వైపునకు బంతిని పంపుటయే మానుకొనును. చూచువారికి అప్పుడు ఏమియు జరిగినట్లు తోచదు.

మన చెడుగుడులో ఇట్టి చిక్కు లేదు. కూతకు వచ్చినవానిని పట్టి నిలిపినచో పట్టిన జట్టునకు ఒక పాయింటు వచ్చును. పట్టినవాని పేరును ఊరంతయు చెప్పుకొనును. కాలిబంతిలో లెక్క ఒక్కటే: బంతి గోలుగీత దాటినదా, లేదా? దాటినచో ఒకటి, వేసినవాని పేరును, వేసిన నిమిషమును పుస్తకమున కెక్కును. దాటనిచో సున్న, దానికి పేరు లేదు, నిమిషము లేదు. సున్నతో కూడికలు తీసివేతలు చేయుటకు 628వ సంవత్సరముననే బ్రహ్మగుప్తుడు నియమములు వ్రాసిన దేశము మనది. అట్టి దేశమున కూడ ఆటలోని సున్న మాత్రము ఎవరికిని చెందక మిగిలిపోయినది.

బడిపంతులు పెంచిన జట్టు

హైదరాబాదు కాలిబంతి వైభవమునకు మూలపురుషుడు ఒక బడిపంతులు. సయ్యద్ అబ్దుల్ రహీం 1909లో ఈ నగరముననే జన్మించెను. ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదివి, కాచిగూడ మాధ్యమిక పాఠశాల, దారుల్ ఉలూం ఉన్నత పాఠశాల, చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాల మున్నగు చోట్ల ఉపాధ్యాయుడుగా పనిచేసెను. 1950లో హైదరాబాదు సిటీ పోలీసు జట్టునకు శిక్షకుడై, 1963 జూన్ 11వ తేదీన కన్నుమూయువరకు ఆ జట్టును విడువలేదు. భారత జట్టునకును ఆయనయే గురువు. నగరము ఆయనను రహీం సాహెబని గౌరవముగా పిలిచెను.

పంతులుగారి నేర్పు ఆయన శిక్షణలో స్పష్టముగా కనిపించును. బంతిని తనవద్దనే అట్టిపెట్టుకొని గారడీలు చేయు ఆటగాని యందు ఆయనకు మక్కువ లేదు. వచ్చిన బంతిని ఒక్క స్పర్శతో తోడివానికి అందించుటను పిల్లలకు అక్షరములు దిద్దించినట్లు దిద్దించెను. కుడికాలి వాటము కలవానిచే ఎడమకాలితో ఆడించెను. తరగతిలో ముందు వరుసలోని విద్యార్థులకు ఒక పాఠము, వెనుక వరుసలోని వారికి వేరొక పాఠము చెప్పుట ఉండదు గదా! మైదానమునందును ఆయన అందరికిని ఒకే పాఠము చెప్పెను.

ఫలితము త్వరలోనే కనిపించెను. 1950 నుండి 1954 వరకు వరుసగా 5 సంవత్సరములు బొంబాయిలోని రోవర్స్ కప్పును హైదరాబాదు పోలీసు జట్టే గెలుచుకొనెను. అదే 1950లో డ్యూరండ్ కప్పు తుదిపోటీలో కలకత్తాకు చెందిన మోహన్ బగాను జట్టును ఎదుర్కొనెను. తొలి ఆట 2-2గా సమముగా ముగిసెను. మరల ఆడినప్పుడు హైదరాబాదు 1-0తో గెలిచెను. ఆనాటివరకు భారతదేశపు కాలిబంతికి కలకత్తాయే రాజధాని. ఆ ఒకటితోను, ఆ సున్నతోను హైదరాబాదు దాని సరసన నిలిచినది.

పది గోల్సు

రహీం సాహెబు శిష్యులలో సయ్యద్ ఖ్వాజా అజీజుద్దీన్ పేరుగన్న బ్యాకు. క్రీడాలోకము ఆయనను అజీజ్ అనియే యెరుగును. 1952లో హెల్సింకి ఒలింపిక్ క్రీడలకును, 1956లో మెల్బోర్ను ఒలింపిక్ క్రీడలకును వెళ్ళిన భారత జట్లు రెండింటను ఆయన కలడు. హైదరాబాదుకే చెందిన హాఫ్‌బ్యాకు నూర్ మహమ్మదు కూడ ఆ రెండు యాత్రలు చేసెను.

హెల్సింకి యాత్ర చేదు జ్ఞాపకము. 1952 జూలై 15వ తేదీన భారతదేశము యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడెను. మనవారిలో పలువురు వట్టి కాళ్ళతో ఆడిరి. ఆ చలిదేశపు నేలపై వట్టి పాదము నిలువలేదు. కాని అపజయమునకు కాళ్ళు మాత్రమే కారణము కావు. నిలుచు పద్ధతియే పాతది.

దీనిని గ్రహించుటకు కొంచెము వెనుకకు పోవలెను. 1925 వరకు ఆఫ్‌సైడు నియమము ప్రకారము, ముందున్న ఫార్వర్డునకు బంతి అందించునప్పుడు అతనికిని గోలుగీతకును నడుమ ప్రత్యర్థులు కనీసము ముగ్గురు ఉండవలెను. 1925లో ఆ సంఖ్యను రెండుగా తగ్గించిరి. దానితో ఫార్వర్డులకు పండుగ అయినది. ఇంగ్లండు మొదటి డివిజనులో అంతకుముందు ఏట 1,192 గోల్సు పడగా, మరుసటి ఏట 1,703 పడినవి. ఈ వరదకు కట్ట వేయుటకు ఇంగ్లండు జట్లు నడుమనున్న సెంటర్ హాఫును వెనుకకు దించి మూడవ బ్యాకుగా నిలిపినవి. మన దేశమున మాత్రము హెల్సింకి నాటికిని ఇద్దరు బ్యాకుల పాత పద్ధతియే సాగుచుండెను. యుగోస్లావియా ఆటగాడు జెబెచ్ ఒక్కడే 4 గోల్సు వేసెను. మన పక్షమున ఆట ముగియబోవుచుండగా అహమ్మద్ ఖాన్ వేసిన ఒక్క గోలు మాత్రము దక్కినది.

ఇక్కడనే బ్యాకు బ్రతుకులోని కష్టము తేటపడును. పది పడినప్పుడు వేలెత్తి చూపబడువారు వెనుకనున్నవారే. పడనినాడు వారిని చూపు వేలే ఉండదు. చేను పండినప్పుడు కంచెను తలచుకొనువాడు లేడు. పశువు దూరిన రోజున అందరును కంచెనే తిట్టుదురు.

రహీం సాహెబు ఆ పదింటిని మరచిపోలేదు. ఆ ఓటమి తరువాత అఖిల భారత ఫుట్‌బాల్ సంఘము బూట్లను తప్పనిసరి చేసినది. ఆయన రక్షణపంక్తిని తిరిగి కట్టుటకు పూనుకొనెను. నాలుగేండ్ల పిమ్మట మెల్బోర్నులో భారతదేశము ఆస్ట్రేలియాను 4-2తో ఓడించెను. ఆ ఆటలో నెవిల్ డిసౌజా హాట్‌ట్రిక్కు సాధించెను. ఒలింపిక్ కాలిబంతిలో ఆ ఘనత పొందిన మొదటి ఆసియావాసి ఆయనయే. సెమీఫైనలునందు మరల ఆ యుగోస్లావియాయే ఎదురయ్యెను. విరామమువరకు ఒక్క గోలును పడలేదు. విరామము తరువాత ముందుగా గోలు వేసినదియు భారతదేశమే. అదియు డిసౌజా వేసినదే. పిమ్మట యుగోస్లావియా పుంజుకొని 4-1తో గెలిచెను. భారతదేశము ఆ ఒలింపిక్కులలో నాలుగవ స్థానము పొందినది.

10-1 నుండి 4-1కి వచ్చుట ఓటమినుండి ఓటమికి వచ్చుటయే యని పట్టికను చూచినవాడు అనవచ్చును. కాని ఆ రెండు అంకెల నడుమ నాలుగేండ్ల చెమట కలదు. మొదటి అర్ధభాగమున నలుబదియైదు నిమిషములు ఐరోపాలోని మేటి జట్లలో ఒకదానిని గోలు చేయనీయక నిలుపుట ఆ చెమటకు దక్కిన ఫలము. దానిని ఏ పట్టికయు చూపదు.

పేరు ఎక్కు దారులు

అయితే బ్యాకు పేరు గోల్సు పట్టికలో ఎన్నడును ఎక్కదా? ఎక్కును, అందుకు రెండు దారులు కలవు. రెండింటికిని మన చరిత్రలోనే నిదర్శనములు ఉన్నవి.

మొదటి దారి దురదృష్టపు దారి. మెల్బోర్ను సెమీఫైనలులో యుగోస్లావియాకు లభించిన నాలుగవ గోలు మన రక్షకుడు సలాం కాలికి తగిలి మన గోలులోనికే పోయినది. పట్టికలో ఆయన పేరు నిలిచినది. ఆ దినమున ఆయన ఎన్ని బంతులను మరల్చెనో పట్టికకు తెలియదు. మరల్చలేని ఒక్కదానిని మాత్రము అది భద్రముగా దాచుకొన్నది. కంచె చేను మేసినదని తీర్పు చెప్పుట లోకమునకు సులభము. కాని కంచె లేనిచోట ఇట్టి ప్రమాదము కూడ ఉండదు. బంతికి అడ్డుపడినవానికే అది తగులును.

రెండవ దారి తన స్థానమును విడుచుట. 1962లో జకార్తాలో జరిగిన ఆసియా క్రీడలందు భారత జట్టులోని మేటి బ్యాకు జర్నయిల్ సింగ్. పంజాబువాడు, మోహన్ బగాను ఆటగాడు. థాయిలాండుతో జరిగిన ఆటలో తలకు గాయమై కుట్లు పడినవి. అంతటి గాయముతో ఆయనను వెనుక నిలుపుట ప్రమాదమని తలచి, రహీం సాహెబు సెమీఫైనలునందును, ఫైనలునందును ఆయనను సెంటర్ ఫార్వర్డుగా ఆడించెను. దక్షిణ వియత్నాముపై 3-2తో గెలిచిన సెమీఫైనలులో జర్నయిలు ఒక గోలు వేసెను. సెప్టెంబరు 4వ తేదీన దక్షిణ కొరియాతో జరిగిన ఫైనలులో ప్రేక్షకులు మనవారికి ప్రతికూలముగా కేకలు వేయుచుండగా పి. కె. బెనర్జీ ఒకటి, జర్నయిలు ఒకటి వేసిరి. భారతదేశము 2-1తో స్వర్ణపతకము గెలిచెను. హైదరాబాదువాడైన యూసుఫ్ ఖాన్ ఆ జట్టులో ఉండెను. శిక్షకుడు జబ్బుపడిన మనిషి. పది మాసములు తిరిగిరాకముందే ఆయన అస్తమించెను.

ఈనాటికిని జకార్తా పేరెత్తినచో జర్నయిలు వేసిన గోలునే జనము తలచుకొందురు. జీవితమంతయు బ్యాకుగా ఆడినవాడు చరిత్రలో నిలుచుటకు రెండు ఆటలపాటు ఫార్వర్డు కావలసివచ్చినది. ఇందులో ఆయనకు తక్కువ జరిగినదని కాదు. మనము జ్ఞాపకముంచుకొను పద్ధతిలో ఎంత లోపమున్నదో దీనివలన తెలియుచున్నది.

నయీముద్దీన్

రహీం సాహెబు పోయిననాటికి సయ్యద్ నయీముద్దీన్ యౌవనమున అడుగిడుచున్న ఆటగాడు. 1944లో హైదరాబాదులో పుట్టి, ఈ నగరపు పోలీసు జట్టులో ఆడి, తరువాత హైదరాబాదు ఆటగాండ్రలో పలువురివలెనే కలకత్తాకు తరలెను. ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాను, మహమ్మడన్ స్పోర్టింగ్ అను మూడు ప్రసిద్ధ సంఘముల పక్షమునను ఆడెను. ఆ నగరమున ఈ మూడింటి అభిమానులు ఒకరి నీడను ఒకరు ఓర్వరు. అట్టిచోట మూడింటికిని కావలసినవాడగుట చిన్న విషయము కాదు. ఆయన కూడ బ్యాకే.

1970లో బ్యాంకాకు ఆసియా క్రీడలకు భారత జట్టు నాయకుడుగా వెళ్ళెను. సెమీఫైనలులో బర్మా చేతిలో ఓటమి తప్పలేదు. కాంస్యపతకము కొరకు జపానుతో ఆడవలసివచ్చెను. ఆ జపాను సామాన్యమైన ప్రత్యర్థి కాదు. రెండేండ్ల క్రిందటనే, 1968లో, మెక్సికో ఒలింపిక్కులలో కాంస్యపతకము గెలిచిన దేశము. భారతదేశము 1-0తో గెలిచినది. ఒకటి మంజీత్ సింగుది, పుస్తకములు చెప్పుచున్నవి. సున్న ఎవరిది? ఆ ప్రశ్నను ఎవ్వరును అడుగలేదు. ఆ ఒకటికి తోడుగా ఆ సున్న లేకున్నచో పతకము లేదు. ఆ తరువాత ఇన్ని దశాబ్దములలో పురుషుల కాలిబంతిలో భారతదేశమునకు ఆసియా క్రీడల పతకము మరల రాలేదు.

అదే 1970లో నయీముద్దీనునకు అర్జున పురస్కారము లభించినది. ఆట మానిన పిమ్మట ఆయన గురువైనాడు. క్రమశిక్షణ విషయమున కఠినుడని పేరు పొందెను. 1990లో ఆయన శిక్షణలో ఈస్ట్ బెంగాల్ ఐ.ఎఫ్.ఏ. షీల్డు, డ్యూరండ్ కప్పు, రోవర్స్ కప్పు మూడింటిని ఒకే ఋతువున గెలుచుకొనెను. ఆ ఏటి ద్రోణాచార్య పురస్కారము ఆయనను వరించినది. 1997లోను, 2005లోను ఆయన తర్ఫీదు చేసిన భారత జట్టు దక్షిణాసియా పోటీలలో విజేత అయ్యెను. వెనుక నిలిచి ఆట మొత్తమును కన్నులారా చూచిన బ్యాకు మంచి శిక్షకుడగుటలో ఆశ్చర్యమేమున్నది? ముందున్నవానికి గోలు మాత్రమే కనిపించును. వెనుకనున్నవానికి తనవారు పదిమందియు కనిపించుదురు.

లెక్క కట్టినవారు

జరుగని దానిని ఎట్లు లెక్కింతుమని ఎవరైన అడుగవచ్చును. ఆ ప్రశ్నకు అమెరికా దేశము ఒక సమాధానము చూపినది. అమెరికావారు ఫుట్‌బాల్ అని పిలుచుకొను ఆట వేరు. కోలగా ఉండు బంతిని చేతులతో పట్టుకొని పరుగెత్తు ఆట అది. అందులో దాడి చేయు పదకొండుగురు వేరు, అడ్డుకొను పదకొండుగురు వేరు. దాడిని నడుపు క్వార్టర్‌బ్యాకు బంతిని ముందునకు విసరకమునుపే రక్షకుడు పోయి అతనిని నేలకూల్చినచో దానిని వారు ‘సాక్’ అందురు.

1961 నుండి 1974 వరకు ఆడిన డీకన్ జోన్స్ ఈ పనిలో అసమానుడు. లాస్ ఏంజెలెస్ ర్యామ్స్ జట్టున ఆడి కీర్తి గడించెను. ‘సాక్’ అను మాటను వాడుకలోనికి తెచ్చినవాడుగా కూడ ఆయనకే పేరు. కాని ప్రతి అడుగును, ప్రతి విసురును లెక్కించు ఆ దేశముననే రక్షకుని ఈ పని 1982 వరకు అధికారపు లెక్కలలో చేరలేదు. జోన్స్ ఆట మానిన ఎనిమిదేండ్లకు ఆ లెక్క మొదలయ్యెను. అందుచేత అధికారపు పుస్తకములలో ఆయన పేరున ఒక్క సాక్ కూడ లేదు. చివరకు పరిశోధకులు కొందరు పాత ఆటల వివరములను ఒక్కొక్కటిగా తిరగవేసి, 1960 నుండి జరిగిన వాటిని అనధికారముగా లెక్కకట్టి 2021లో ప్రకటించిరి. ఆ లెక్కలో జోన్స్‌కు 173కు పైగా చేరినవి. ఆయన 2013లోనే మరణించియుండెను.

లెక్క ఆలస్యముగా వచ్చినది. వచ్చిన లెక్క మాత్రము సత్యము. ఎవరో ఒకరు కూర్చుండి చూడదలచినచో వెనుక నిలిచినవాని పని కూడ కంటికి కనబడునని ఇది నిరూపించుచున్నది.

మూసీ చెప్పు సాక్ష్యము

అమెరికాదాక పోనక్కరలేదు, పాతబస్తీ పెద్దలకు తెలిసిన నిదర్శనము ఇక్కడనే కలదు. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి వేలమందిని పొట్టన పెట్టుకొన్నది. ఆ తేదీ నగరమునకు నేటికిని జ్ఞాపకమున్నది. ఆ విపత్తు తరువాత మోక్షగుండము విశ్వేశ్వరయ్యగారి సలహాపై వరదను అడ్డుటకు జలాశయములు తలపెట్టిరి. 1920లో ఉస్మాన్‌సాగరు, 1927లో హిమాయత్‌సాగరు పూర్తి అయినవి. వానలకు వీధులు మునుగుట తరువాతను తప్పలేదు. కాని 1908 వంటి ప్రళయము మరల రాలేదు. వచ్చిన వరదకు తేదీ యున్నది. ఆ కట్టలు ఆపిన వరదలకు తేదీలు లేవు. ఆ రెండు జలాశయములు ఈ నగరపు బ్యాకులని చెప్పినచో అతిశయోక్తి కానేరదు.

2024లో రహీం సాహెబు జీవితము ఆధారముగా ‘మైదాన్’ అను హిందీ చలనచిత్రము వచ్చినది. దానితో ఒక బడిపంతులి పేరు దేశము మరల తలచుకొన్నది, సంతోషింపదగిన విషయము. కాని ఆయన నేర్పిన పాఠము చలనచిత్రశాలలో కంటె బడి మైదానములోనే బాగుగా సాగును. అందులకు ఖర్చు లేదు.

బడులలో పోటీలు జరుగునప్పుడు వ్యాయామోపాధ్యాయుడు ఒక నోటుపుస్తకమున ఫలితము వ్రాయుట వాడుక. అందులో ఒక వరుస గోలు వేసినవాని కొరకు ఉండును. దాని పక్కన ఇంకొక వరుస గీయవచ్చును. ఎదుటి జట్టునకు సున్న మిగిలిననాడు ఆ వరుసలో గోలుకీపరు పేరును, బ్యాకుల పేర్లను వ్రాయవచ్చును. ఎవడు ఎన్ని బంతులను మరల్చెనో లెక్కించు పనిని గట్టు మీద కూర్చున్న విద్యార్థులలో ఇద్దరికి అప్పగింపవచ్చును. లెక్కించుటకై చూచు ఆ ఇద్దరును ఆ దినమున మిగిలినవారు చూడని ఆటను చూతురు. మరునాడు ఉదయము ప్రార్థనవేళ గోలు వేసినవాని పేరుతోపాటు ఆ పేర్లును చదివినచో, వినువారిలో ఒక పిల్లవాడైనను తల పైకెత్తును.

మొఘల్‌పురా గల్లీలో దీపములు వెలిగిన పిమ్మట ఆట ముగియును. ఇటుకలు గోడవారకు చేరును, చెప్పులు కాళ్ళకు చేరును. గెలిచినవారు ఒకటి-సున్న అని అరచుచు పోవుదురు. అందరికంటె చిన్నవాడు వారి వెనుక నడచుచుండును. వాని యింట ఎవరైన, “ఏమిరా, ఎన్ని వేసితివి?” అని అడుగుటకు మారుగా, “ఎన్ని ఆపితివి?” అని అడిగినచో వాడు చెప్పవలసినది చాల యుండును.